నడుమునొప్పియు వైద్యవ్యయమును

సహకార సంఘములు మన దేశమున పుట్టినది రైతును ఋణబాధనుండి తప్పించుటకు. 1904వ సంవత్సరమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చిననాడు రైతు విత్తనములకును, ఎద్దులకును, శిస్తునకును, శుభకార్యములకును వడ్డీవ్యాపారి గడప ద్రొక్కుచుండెను. నేడు ఆ పట్టికలో మరియొకటి చేరినది. అదియే ఆసుపత్రి బిల్లు. 2015లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన ఆరోగ్యవిధానపు ముసాయిదాలో, కేవలము వైద్యపు ఖర్చుల మూలమున ఏటేట 6 కోట్ల 30 లక్షలకు మించిన జనులు పేదరికపు టంచునకు వచ్చుచున్నారని వ్రాయబడినది. వానకరవును నిబ్బరముతో నెదుర్కొను మన సీమరైతు, ఇంటిలో నొకరికి పెద్ద ఆపరేషను పడినచో ఎకరమో రెండెకరములో అమ్ముకొనవలసి వచ్చుచున్నది. కావున వైద్యవ్యయమును గూర్చి తెలిసికొనుట విత్తనమును గూర్చి, ఎరువును గూర్చి తెలిసికొనుటవంటిదే యని తలచి ఈ పాఠమును సభ్యుల ముందుంచుచున్నాము.

వైద్యవ్యయ మనునది మహాసముద్రము. అందు వెన్నెముక చికిత్సను మాత్రమే ఉదాహరణముగా గైకొనెదము. దీనికి కారణము కలదు. సేద్యము వంగిన నడుముతో చేయు పని. కలుపు తీయుట, బుడ్డలు పెరుకుట, మిరప కోయుట, మూటలు బండి కెత్తుట, ఇవన్నియు నడుముమీద పడు పనులే. ప్రపంచారోగ్యసంస్థ లెక్కప్రకారము 2020లో ప్రపంచమున 61 కోట్ల 90 లక్షల మంది నడుమునొప్పితో బాధపడిరి. 2050 నాటికి వీరి సంఖ్య 84 కోట్ల 30 లక్షలు కాగలదని అంచనా వేయబడినది. ఇంత విస్తారముగా నుండు బాధ యెచ్చట నుండునో, అచ్చట అవసరమైన వైద్యముతోపాటు అనవసరమైన వైద్యమునకును బజారు ఏర్పడును.

దేశమున ఎవరెంత ఖర్చు పెట్టుచున్నారు?

1946లో భోర్ కమిటీవారు తమ నివేదికలో, డబ్బు చెల్లింపలేని కారణముచేత ఏ మనుష్యునికిని తగిన వైద్యము లభింపకపోరాదని సూత్రము చెప్పిరి. ఆ సూత్రము ఎంతవరకు నెరవేరినదో తెలిసికొనుటకు కేంద్రప్రభుత్వము ప్రకటించుచున్న జాతీయారోగ్య లెక్కలు చూడవలెను.

2013-14లో దేశమందలి మొత్తము వైద్యవ్యయములో జనులు తమ జేబునుండి నేరుగా చెల్లించినది నూటికి 64.2 వంతులు. ప్రభుత్వములు పెట్టినది 28.6 వంతులు. 2021-22 నాటికి జనుల వంతు 39.4కు దిగినది, ప్రభుత్వముల వంతు 48కి పెరిగినది. మిగిలినది భీమాసంస్థలు మొదలగువాని ద్వారా జరిగిన ఖర్చు. ఇది సంతోషింపదగిన మార్పే. అయితే ఆ సంవత్సరము కోవిడు వ్యాధి కాలమగుటచేత ప్రభుత్వములు అధికముగా ఖర్చు చేయవలసి వచ్చినదని గుర్తుంచుకొనవలెను.

ఇచ్చట రైతు శ్రద్ధగా గమనింపవలసిన సంగతి యొకటి కలదు. వంతు తగ్గుట వేరు, రూపాయలు తగ్గుట వేరు. 2013-14లో తలకు సగటున జరిగిన మొత్తము వైద్యవ్యయము 3,638 రూపాయలు. 2021-22లో అది 6,602 రూపాయలైనది. మొదటిదానిలో నూటికి 64.2 వంతులు లెక్కించిన, తలకు సుమారు 2,336 రూపాయలు జేబునుండి పోయినవి. రెండవదానిలో నూటికి 39.4 వంతులు లెక్కించిన, సుమారు 2,600 రూపాయలు పోయినవి. నడుమ ధరలు పెరిగినమాట నిజమే. అయినను ప్రభుత్వము పెట్టు ఖర్చు పెరిగినంతమాత్రమున రైతు చేతినుండి పోవు రూకలు నిలిచిపోలేదని ఈ లెక్క తెలుపుచున్నది.

మరియు ఇది సగటు. సగటు లోతు మోకాలిబంటియే యని ఏటిలో దిగినవాడు నడుమ గుండములో మునిగినట్లు, సగటు ఖర్చు చూచి ధైర్యము తెచ్చుకొనరాదు. జబ్బుపడని యింటికి ఖర్చు లేదు, జబ్బుపడిన యింటికి మొత్తమును ఒక్కసారే మీదపడును. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వేలో, కాన్పులు కాక తక్కిన జబ్బులకు ఆసుపత్రిలో చేరిన పల్లెవారికి ఒక్కొక్క పర్యాయము సర్కారు ఆసుపత్రిలో సగటున 4,290 రూపాయలును, ప్రైవేటు ఆసుపత్రిలో 27,347 రూపాయలును ఖర్చైనట్లు తేలినది. అనగా ఒకటికి ఆరింతలకు పైగా.

ప్రభుత్వములు దేశపు మొత్తము ఉత్పత్తిలో నూటికి రెండున్నర వంతులు ఆరోగ్యమునకు ఖర్చు పెట్టవలెననియు, 2025 నాటికి అంతవరకు చేరవలెననియు 2017 నాటి జాతీయారోగ్య విధానము నిర్ణయించినది. 2013-14లో ఈ వంతు 1.15గా నుండి 2021-22లో 1.84కు వచ్చినది.

ధనికదేశము నేర్పు పాఠము

ఎక్కువ ఖర్చు పెట్టినంతమాత్రమున ఎక్కువ ఆరోగ్యము వచ్చునా? ఈ ప్రశ్నకు అమెరికా సంయుక్తరాష్ట్రములు ఉదాహరణము. 1960లో ఆ దేశము తన ఉత్పత్తిలో నూటికి 5 వంతులు వైద్యమునకు ఖర్చు చేసెను. 2023లో అది 17.6 వంతులైనది. అనగా వారు సంపాదించు ప్రతి ఆరు రూపాయలలో ఒక రూపాయికి పైగా వైద్యమునకే పోవుచున్నది.

అందు వెన్నెముక చికిత్సకు పెద్దపీట కలదు. నడుమునందలి పూసలను ఒకదానితో నొకటి అతికించి మరలతోను కడ్డీలతోను బిగించు ఆపరేషనులు, ముందుగా నిర్ణయించుకొని చేయించుకొనునవి, ఆ దేశమున 2004లో సుమారు 1,22,700 జరిగినవి. 2015లో సుమారు 1,99,100 జరిగినవి. ఆపరేషనుల సంఖ్య నూటికి 62 వంతులు పెరుగగా, వానికై ఆసుపత్రులకైన ఖర్చు నూటికి 177 వంతులు పెరిగి వేయికోట్ల డాలర్లు దాటినది. ఒక్కొక్క రోగికి సగటున 50,000 డాలర్లకు మించి ఖర్చైనది. ఈ కాలమున ఆ దేశపు నడుములు అంత వేగముగా చెడిపోయినవా? లేదు. పనిముట్లు పెరిగినవి, ఆపరేషను చేయు స్థలములు పెరిగినవి, చెల్లించునది భీమాసంస్థయో ప్రభుత్వమో కావున అడుగువారు తగ్గినారు. అట్టి చికిత్సలలో కొన్ని నిజముగా అవసరమైనవే. కాని కేవలము అరిగిన పూసలవలన కలుగు నడుమునొప్పికి ఈ బిగింపు ఆపరేషను పథ్యముతో వ్యాయామముతో చేయు చికిత్సకంటె ఎంత మేలన్న ప్రశ్నపై వైద్యులలోనే నేటికిని వాదము తెగలేదు.

మన పట్టణములలోను అట్టి పనిముట్లే వచ్చినవి. మంచిదే. అవసరమైనవానికి ఇవి ప్రాణప్రదములు. కాని పనిముట్టు వచ్చినచోట దానిని వాడవలెనను తొందరయు వచ్చును. ట్రాక్టరు కొన్నవాడు అద్దెకు త్రిప్పక మానునా?

వెన్నెముక ఎట్లున్నది, ఎందుకు నొచ్చును?

వెన్నెముక ఒకదానిపై నొకటి పేర్చిన పూసల దండ. రెండేసి పూసల నడుమ మెత్తని బిళ్ల యొకటి యుండును. దీనినే వైద్యులు డిస్కు అందురు. బండి యిరుసునకు పట్టెడల వలె ఇది కుదుపును మ్రింగును. పూసల వెనుక గొట్టమువంటి దారిలో వెన్నుపాము పోవుచుండును. దానినుండి నరములు కాళ్లకు చేతులకు ప్రాకును.

నడుమునొప్పిలో అధికభాగము కండరములు, కీళ్లు, సందుల పట్టువలన వచ్చునది. విశ్రాంతి యనగా మంచముపై పరుండుటయే యని మన పెద్దలు తలచిరి. 1986లో అమెరికాలో ఒక పరీక్ష జరిగినది. నడుము పట్టుకొన్న 203 మంది రోగులలో కొందరిని రెండు దినములును, కొందరిని ఏడు దినములును మంచముపై నుండుమనిరి. రెండు దినములు చెప్పబడినవారు తక్కినవారికంటె నూటికి 45 వంతులు తక్కువ పనిదినములు కోల్పోయిరి. బాగుపడుటలో ఇతర భేదము కనబడలేదు. అప్పటినుండి వైద్యులు, ఓర్వగలిగినంతమట్టుకు లేచి తిరుగుమనియే చెప్పుచున్నారు. క్రొత్తగా వచ్చిన నొప్పి పెక్కుమందికి ఆరు వారములలో చాలవరకు తగ్గును.

కొందరికి నడుమ బిళ్ల పక్కకు ఉబికి నరమును నొక్కును. అప్పుడు పిరుదునుండి పిక్కవరకు, ఒక్కొక్కప్పుడు పాదమువరకు పోటు దిగును. దీనినే గృధ్రసి యనియు, సయాటికా యనియు పిలుతురు. ఇది మిక్కిలి బాధాకరము. అయినను దీనికి ఆపరేషనొకటే దారి కాదు. 2007లో హాలండు దేశపు వైద్యులు 283 మంది రోగులపై చేసిన పరీక్ష ప్రసిద్ధమైనది. సగముమందికి త్వరగా ఆపరేషను చేసిరి. సగముమందికి మందులతో, వ్యాయామముతో ఓపికపట్టించిరి. ఆపరేషనైనవారికి నొప్పి శీఘ్రముగా తగ్గినది. ఏడాది తిరుగునప్పటికి మాత్రము రెండు పక్షములవారును సమానముగా, నూటికి 95 మంది, బాగుపడియుండిరి. ఓపికపట్టినవారిలో నూటికి 39 మంది బాధ తాళలేక నడుమనే ఆపరేషను చేయించుకొనిరి. అనగా నూటికి అరువదిమందికి పైగా కత్తి తగులకుండనే బాగుపడిరి.

స్కానింగు బొమ్మ చూచి భయపడవలదు

చాలమంది రైతులు ఎమ్మారై స్కానింగు కాగితము చేతబట్టుకొని, "డిస్కు జారినదట, పూసలరిగినవట" యని దిగులుపడుచుందురు. 2015లో ప్రకటింపబడిన యొక పరిశీలనలో, నడుమునొప్పి యేమియు లేని 3,110 మంది మనుష్యుల బొమ్మలు లెక్కకు తీసికొనబడినవి. ఏ బాధయు లేని ఇరువదేండ్ల పడుచువారిలోనే నూటికి 37 మందికి బిళ్ల అరిగినట్లును, 30 మందికి ఉబికినట్లును కనబడినది. ఎనుబదేండ్ల వృద్ధులలో నూటికి 96 మందికి అరుగుదలయు, 84 మందికి ఉబుకుటయు కనబడెను. తల నెరసినట్లే వెన్నుబిళ్లయు అరుగును. కావున వైద్యుడు మీ శరీరమును పరీక్షించి, కాలిబలము చూచి, స్పర్శ చూచి, బొమ్మలోని చోటును మీ బాధయు నొక్కటే యని నిర్ణయించినప్పుడే ఆ బొమ్మకు విలువ. బొమ్మకు మాత్రమే ఆపరేషను చేయరాదు.

మాత్రలతో నయమగు వెన్నుజబ్బు

వెన్నెముకకు క్షయ పట్టుట మన దేశమున క్రొత్త కాదు. సన్నని జ్వరము, బరువు తగ్గుట, రాత్రి చెమటలు, వెన్నున ఒకచోట విడువని నొప్పి దీని గుర్తులు. పూర్వము దీనికి పెద్ద ఆపరేషను తప్పదని తలచెడివారు. 1953 వరకు మన కర్నూలు జిల్లాకు రాజధానియైన మదరాసులోనే ఈ తలంపును మార్చిన పరీక్ష జరిగినది. అచ్చటి క్షయ పరిశోధనాకేంద్రమువారు కాళ్లు పూర్తిగా చచ్చుబడని రోగులను ఎన్నుకొని, కొందరికి మాత్రలతోపాటు ఆపరేషనును, కొందరికి ఆరునెలలు మాత్రలను, కొందరికి తొమ్మిదినెలలు మాత్రలను ఇచ్చిరి. పదేండ్ల తరువాతి ఫలితము 1999లో ప్రకటింపబడినది. ఆపరేషనైనవారిలో నూటికి 90 మందియు, ఆరునెలల మాత్రలవారిలో 94 మందియు, తొమ్మిదినెలల మాత్రలవారిలో 99 మందియు మంచి స్థితిలో నుండిరి.

ఆ మాత్రలు నేడు సర్కారు వైద్యశాలలలో ఉచితముగా ఇయ్యబడుచున్నవి. రోగి పుష్టికరమైన ఆహారము తినుటకై 2018 ఏప్రిలునుండి నెలకు 500 రూపాయలును, 2024 నవంబరునుండి నెలకు 1,000 రూపాయలును కేంద్రప్రభుత్వము బ్యాంకు ఖాతాలో వేయుచున్నది. లక్షలు పోసి కోయించుకొనవలసిన దనుకొన్న జబ్బు, సకాలమున కనుగొన్నచో పైకము లేకుండ నయమగుట కిది మంచి నిదర్శనము.

ఆలస్యము చేయరాని గుర్తులు

ఇంతవరకు చెప్పినది విని, ఏ వెన్నుబాధనైనను ఇంటనే యుండి సహింపవచ్చునని తలచుట పెద్ద పొరపాటు. ఈ క్రింది గుర్తులలో ఏది కనబడినను ఒక్కదినము ఆగక పెద్దాసుపత్రికి పోవలెను:

మూత్రము బిగిసిపోవుట, లేక తెలియకుండ పోవుట. మలము పట్టు తప్పుట.

తొడల నడుమ, కూర్చుండు చోట తిమ్మిరి పట్టుట.

కాలుగాని, రెండుకాళ్లుగాని నానాటికి బలము తగ్గుట. నడకలో పాదము ఈడ్చుకొనుట.

నొప్పితో జ్వరము, బరువు తగ్గుట. పూర్వము క్యాన్సరు వచ్చినవారికి క్రొత్తగా వెన్ను నొచ్చుట.

చెట్టుమీదనుండియో, మిద్దెమీదనుండియో, ట్రాక్టరుమీదనుండియో పడిన పిమ్మట నొప్పి.

పైని చెప్పిన మొదటి మూడింటిలో ఆపరేషను ఆలస్యమైనచో కాళ్లు తిరిగి రాకపోవచ్చును. నాటువైద్యుని చేత నడుము త్రొక్కించుట ఇట్టి సమయమున మహాప్రమాదము. పడినవానిని చేతులు కాళ్లు పట్టి మడిచి ఎత్తరాదు. తలయు మెడయు కదలనీయక, వెడల్పాటి పలకమీదికి నలుగురు కలసి ఒక్కసారి జరిపి, 108 బండిని పిలువవలెను.

బిల్లులో ఏమేమి యుండును?

ఆపరేషను తప్పదని తేలినచో, ఖర్చెట్లు ఏర్పడునో తెలిసికొనవలెను. కేవలము ఉబికిన బిళ్లముక్కను తీసివేయు ఆపరేషనుకు లోపల ఇనుము పెట్టనక్కరలేదు. పూసలను బిగించు ఆపరేషనులో మరలు, కడ్డీలు పెట్టుదురు. బిగించు పూసలు పెరిగినకొలది మరలును పెరుగును. కావున ఈ రెండు ఆపరేషనుల ఖర్చునకు చాల వ్యత్యాసముండును. గుండె నాళములలో పెట్టు స్టెంటులకు 2017 ఫిబ్రవరిలోను, మోకాలికీళ్లకు అదే సంవత్సరము ఆగస్టులోను కేంద్రప్రభుత్వము గరిష్ఠధరలు నిర్ణయించగా వాని వెలలు దిగినవి. వెల యడుగుటలో తప్పులేదని దీనివలన తెలియుచున్నది.

ఆపరేషనుకు ఒప్పుకొని వ్రేలిముద్రయో సంతకమో చేయుటకు ముందు, వైద్యుని వినయముతో ఈ ప్రశ్నలు అడుగవలెను:

1. అయ్యా, ఈ ఆపరేషను ఇప్పుడు చేయించుకొనకపోయిన ఏమి జరుగును? ఆరువారములు ఆగిన నష్టమున్నదా?

2. బిళ్ల తీయుట మాత్రమా, పూసలు బిగించుట కూడనా? బిగించుట ఎందులకు?

3. మరలు ఎన్ని? ఒక్కొక్కదాని వెల యెంత? పెట్టెమీది చీటీని మా కాగితములలో అంటింతురా?

4. గది అద్దె, మందులు, మత్తువైద్యము, పరీక్షలు కలిపి మొత్తమెంత? వ్రాసి యీయగలరా?

5. తిరిగి మూట మోయుటకు, సేద్యపు పనికి ఎన్ని నెలలు పట్టును?

ప్రాణాపాయము లేనపుడు రెండవ వైద్యుని అభిప్రాయము తీసికొనుట వైద్యుని అవమానించుట కాదు. ఎద్దు కొనునపుడు నలుగురికి చూపింతుము, మన వెన్నెముకను ఒక్కరికే చూపనేల? కల్లూరు వారికి కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల చేరువలోనే యున్నది. 1957లో స్థాపింపబడిన కర్నూలు వైద్యకళాశాలకు అది అనుబంధమైనది. ఎముకల వైద్యులును, నరముల శస్త్రవైద్యులును అచ్చట గలరు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానమువారి బర్డ్ వైద్యశాల ఎముకలకు, కీళ్లకు ప్రత్యేకించి నడుచుచున్నది.

ప్రభుత్వ పథకములు

2007 ఏప్రిలు 1వ తేదీన ఆరోగ్యశ్రీ పథకము అనంతపురము, మహబూబునగరు, శ్రీకాకుళము జిల్లాలలో మొదట ప్రారంభమైనది. వెనుకబడిన జిల్లాలలోనే మొదలగుట గమనింపదగినది. మరుసటి యేడు అది రాష్ట్రమంతటికి వ్యాపించినది. పేరులు మారుచు వచ్చినవి. 2024నుండి ఆంధ్రప్రదేశమున అది డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ యని పిలువబడుచున్నది. 2023 డిసెంబరులో కుటుంబమునకు పరిమితి 25 లక్షల రూపాయలకు పెంచబడినది. 2025 సెప్టెంబరులో, రెండున్నర లక్షలవరకు భీమాసంస్థ ద్వారాను, ఆ పైని ట్రస్టు ద్వారాను చికిత్స జరిపించు నూతన పద్ధతిని రాష్ట్ర మంత్రివర్గము ఆమోదించినది. వెన్నెముక ఆపరేషనులు పెక్కు ఈ పథకపు జాబితాలో గలవు. కేంద్రప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్ పథకము 2018 సెప్టెంబరు 23న ప్రారంభమై, 2024 అక్టోబరు 29నుండి 70 ఏండ్లు నిండిన వృద్ధులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ విస్తరింపబడినది.

ఇచ్చట రైతులు చేయు పొరపాటు ఒకటి కలదు. ముందుగా ప్రైవేటు ఆసుపత్రిలో చేరి, పైకము కట్టి, తరువాత కార్డు తీయుదురు. పథకము క్రింద ముందుగా అనుమతి పొందవలెను. కావున చేరుటకు మునుపే ఆ ఆసుపత్రి పథకములో నున్నదా, ఈ జబ్బునకు అచ్చట అనుమతి యున్నదా యని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడుగవలెను. 104 నంబరునకు ఫోను చేసియు విచారింపవచ్చును. నిబంధనలు మారుచుండును గాన, నిరుడు పొరుగువాడు పొందిన విధమును నమ్మి యుండక, నేటి నిబంధనను తెలిసికొనవలెను.

నడుమును కాపాడుకొను చౌక మార్గములు

మన మెట్టప్రాంతములలో బోరులు లోతుకు పోవుకొలది కొన్నిచోట్ల నీటిలో ఫ్లోరైడు అధికమగుచున్నది. దీర్ఘకాలము అట్టి నీరు త్రాగినవారి పండ్లు మచ్చలుపడి, కీళ్లు బిగిసి, వెన్ను కొయ్యబారును. ముదిరినచో పూసల దారి ఇరుకై వెన్నుపాము నలుగును. 1937లో షార్ట్ మొదలగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లా గ్రామములలో ఈ వ్యాధిని పరిశీలించి ప్రకటించిరి. ముదిరిన వెన్నుకు ఆపరేషను చేయుట మిక్కిలి కష్టము, ఖర్చును అధికము. నీటిపరీక్ష అతి చౌక. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము లోపల నుండుట మేలు, ఒకటిన్నరకు మించరాదు. నీటిని కాచినందువలన ఫ్లోరైడు పోదు. పటిక, సున్నము కలిపి తేర్చు నల్లగొండ పద్ధతి ఈ దోషమును తగ్గించుటకు మన తెలుగునేలమీదనే పేరుపొందినది. వాననీరు నిలువచేసికొనుటయు, మంచి జలాశయపు నీరు తెచ్చుకొనుటయు మేలైన మార్గములు.

రెండవది బరువు. ఒక మగకూలి ఎత్తు బరువు 55 కిలోలకు మించకుండ తగ్గింపవలెనని 1967లో అంతర్జాతీయ కార్మికసంస్థ సిఫారసు చేసినది. యూరియా బస్తా 2018నుండి 45 కిలోలకు తగ్గినది. కాని కల్లములో మనము కుట్టు మూటలు ఈ హద్దులో నున్నవా? మూట నెత్తునపుడు నడుము వంచక, మోకాళ్లు మడిచి, మూటను ఎదకు చేర్చుకొని లేవవలెను. ఎత్తినపిమ్మట నడుము తిప్పక, పాదములనే తిప్పవలెను. పెద్దమూటను ఇద్దరు పట్టవలెను.

సంఘము చేయదగిన పని

కర్ణాటకమున 2003 జూనునుండి యశస్విని యను పథకము నడచినది. సహకార సంఘ సభ్యులైన రైతులు నెలకు 5 రూపాయల వంతున, ఏటికి 60 రూపాయలు చెల్లించిరి. లక్షలాది సభ్యులు చేరుటచేత అంత చిన్న చందాతోనే పెద్ద ఆపరేషనులు జరుగగలిగినవి. ప్రభుత్వమును సాయపడినది. 2018లో అది వేరొక పథకములో కలుపబడి, 2022లో మరల ప్రారంభింపబడినది. అప్పుడు నలుగురున్న పల్లెకుటుంబమునకు ఏటికి 500 రూపాయల చందాయు, 5 లక్షల రూపాయల పరిమితియు ఏర్పరుపబడినవి. బళ్లారి, రాయచూరు సీమలలోని తెలుగు రైతులును కర్ణాటక సభ్యులే గదా! సహకార పద్ధతి ఎరువుల గిడ్డంగితోనే ఆగిపోనక్కరలేదని దీనివలన ఋజువగుచున్నది.

ఒక్క గ్రామసంఘము స్వయముగా భీమా నడపజాలదు. సభ్యులు కొద్దిమంది యగుటచే రెండు పెద్దజబ్బులు వచ్చిన నిధి హరించును. కాని సంఘము ఒక అత్యవసర వైద్యనిధిని ఏర్పరచి అప్పుగా ఈయవచ్చును. ఉదాహరణమునకు 300 కుటుంబములు నెలకు 50 రూపాయల వంతున దాచిన, నెలకు 15,000 రూపాయలు, ఏటికి 1,80,000 రూపాయలు చేరును.

దీని లాభమును వడ్డీలెక్కతో చూడుడు. లక్షరూపాయలు వ్యాపారి వద్ద నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినచో నెలకు 3,000, ఏటికి 36,000, మూడేండ్లకు 1,08,000 రూపాయలు వడ్డీయే యగును. అసలు అట్లే యుండును. అదే లక్షను సంఘమునుండి నూటికి రూపాయి వడ్డీకి తీసికొన్న మూడేండ్లకు 36,000 రూపాయలగును. మిగిలినది 72,000 రూపాయలు. ఆ మిగులు ఆపరేషను తరువాత ఆరునెలలు పనికి పోలేని యింటికి కూడునీళ్లు.

మరియొక పని, పైకము లేనిది. ప్రతి గ్రామమున చదువుకొన్న యువకుడొకడు, యువతి యొకతె పథకపు నిబంధనలు తెలిసికొని, రోగితోకూడ ఆసుపత్రికి పోయి, పైని వ్రాసిన అయిదు ప్రశ్నలు అడుగవలెను. బాధలోనున్న రోగి అడుగలేడు, దిగులులోనున్న ఇంటివారు మరచిపోదురు. వెంటనున్న మూడవమనిషియే అడుగగలడు.

సారాంశము

నడుమునొప్పిలో అధికభాగము ఓపికతోను కదలికతోను తగ్గును. అపాయపు గుర్తులున్నపుడు మాత్రము క్షణమైనను ఆగరాదు. ఆపరేషను అవసరమైనచో పథకమునందు, విచారించి, అడిగి చేయించుకొనవలెను. అప్పు అవసరమైనచో సంఘమునందు చేయవలెను. ఈ క్రమము తప్పినచోటనే భూములు చేతులు మారుచున్నవి.

రాబోవు మాసపు సమావేశమున సభ్యులు ఈ ప్రశ్నలను చర్చింపగోరుచున్నాము:

1. గడచిన అయిదేండ్లలో మన గ్రామమున వైద్యమునకై భూమి నమ్మినవారు, తాకట్టు పెట్టినవారు ఎందరు?

2. మనము త్రాగు బోరునీటికి ఫ్లోరైడు పరీక్ష ఎప్పుడు జరిగినది?

3. మన కల్లములలో మూట బరువెంత? తగ్గింపగలమా?

4. అత్యవసర వైద్యనిధికి నెలకు ఒక్కొక్క ఇల్లు ఎంత దాచగలదు? అప్పునకు హద్దెంత?

5. రోగితోకూడ పోవుటకు ఎవరిని నియమింతుము?

మొదటి ప్రశ్నకు సమాధానము సేకరించుటతోనే పని మొదలుపెట్టవలెనని మా మనవి. లెక్క చేతనున్నచో తక్కిన నాలుగు ప్రశ్నలకు సభ్యులే దారి కనుగొనగలరు.